న్యూట్రల్ స్పిరిట్ కోసం నేను కట్టుకున్న బట్టీ

పూల నుంచి, వేళ్ల నుంచి, పండ్ల తొక్కల నుంచి సుగంధం దింపుకోవాలంటే ఆల్కహాల్ కావాలి. ఆ ఆల్కహాల్‌కు సొంత వాసన ఉండకూడదు. నా అవసరం అంతే. రుచిగల సారా కాయడం నాకు ఎన్నడూ ఆసక్తి లేని పని. అందులో వాసనను కాపాడుకోవాలి, నాకేమో దాన్ని వదిలించుకోవాలి. రెండింటికీ బట్టీ ఒకటే అనుకుంటారు గానీ నిర్మాణం దాదాపు తలకిందులుగా ఉంటుంది.

వాసన పోయిందో లేదో గాఢమైన స్పిరిట్‌ను చూసి తేల్చలేం. ఘాటు మిగతావాటిని కప్పేస్తుంది. సగానికి సగం నీళ్లు కలిపి, గ్లాసును అరచేతిలో కాస్త వెచ్చబరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే దాగిన దొంగలందరూ బయటికి వస్తారు. న్యూట్రల్ స్పిరిట్ అన్న పేరు పెట్టాలంటే యూరోపియన్ యూనియన్ నిబంధనలు ఘనపరిమాణంలో కనీసం 96 శాతం అడుగుతాయి, అమెరికా 95 శాతం అడుగుతుంది. ఆ అంకె అందుకున్నంత మాత్రాన వాసన పోతుందని లేదు. అంకె అందకపోతే మాత్రం వాసన పోవడం దాదాపు అసాధ్యం.

ముందే ఒక మాట. ఇంట్లో స్పిరిట్ తీయడం చాలా దేశాల్లో నేరం. సొంత వాడకానికి అనుమతించిన దేశాలు అరుదు. న్యూజిలాండ్ 1996లో అనుమతించింది. నేను అనుమతి ఉన్నచోటే ఈ పని చేశాను. లేనిచోట దీన్ని చదువుకుని ఊరుకోవడమే మేలు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే భౌతికశాస్త్రం ప్రయోగశాలలో గాజు గొట్టంతోనైనా ఇలాగే పనిచేస్తుంది.

మొదట కట్టుకున్నది మామూలు కుండ బట్టీయే. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర, మూత, మూత నుంచి వంపు తిరిగిన రాగి గొట్టం, ఆ గొట్టం చుట్టూ చల్లని నీళ్లు పారే పెద్ద గొట్టం. మూత అంచుకు పిండి ముద్ద పూసి ఆవిరి బయటికి రాకుండా చేశాను. రాగి అతుకులకు సీసం లేని టంకం వాడాను. ఆవిరి తగిలే దారిలో మామూలు ప్లాస్టిక్ ఎక్కడా పెట్టలేదు. వేడి ఆల్కహాల్ ఆవిరి మంచి ద్రావణి, ప్లాస్టిక్‌లో ఏముంటే అది లాక్కొచ్చి సీసాలో వేస్తుంది. రబ్బరు వాషర్లదీ అదే కథ. గ్యాస్కెట్లన్నీ టెఫ్లానువి. కొత్త పరికరంతో మొదట నీళ్లు మరిగించాను, తర్వాత వెనిగర్ కలిపిన నీళ్లు, ఆ తర్వాత పారబోయడానికే ఉద్దేశించిన కొంచెం స్పిరిట్. లోహపు జిడ్డు, టంకపు మసి వదలాలంటే ఈ మూడూ కావాలి.

10 శాతం ఆల్కహాల్ ఉన్న పంచదార ఊటను, అంటే ఈస్ట్‌తో పులియబెట్టిన పంచదార నీళ్లను, కుండ బట్టీలో మరిగిస్తే మొదటి చుక్కల్లో 50 శాతం పైనే ఉంటుంది. ఊటలో ఆల్కహాల్ తగ్గేకొద్దీ వచ్చేదాని బలమూ పడిపోతుంది. మొత్తం కలిపితే 35 శాతం దగ్గర తేలుతుంది. దాన్నే మళ్లీ మరిగిస్తే 80 దాకా మొదలవుతుంది. అయితే ఇలా మళ్లీ మళ్లీ మరిగిస్తూ పోతే చాలుగా అనిపిస్తుంది. ఇక్కడే లెక్క ఎదురు తిరుగుతుంది. 10 శాతం ద్రవం ఒక్క దూకుతో 50 దాటుతుంది. 90 శాతం ద్రవం నుంచి లేచే ఆవిరిలో ఉండేది సుమారు 92 మాత్రమే. పైకి పోయేకొద్దీ మెట్లు పొట్టివవుతాయి. చివరికి బరువులో 95.6 శాతం, అంటే ఘనపరిమాణంలో 97 శాతం దగ్గర ద్రవమూ ఆవిరీ ఒకే కూర్పుకు వచ్చేస్తాయి. 78.2 డిగ్రీల దగ్గర మరిగే ఆ మిశ్రమాన్ని మామూలు పీడనం వద్ద ఎన్నిసార్లు మరిగించినా అది అలాగే ఉంటుంది. రసాయనశాస్త్ర పుస్తకాలు దాన్ని స్థిరక్వథన మిశ్రమం అంటాయి. అక్కడిదాకా కుండతో వెళ్లాలంటే ఓపిక కన్నా ముందు సరుకు అయిపోతుంది.

ఆ మెట్లన్నీ ఒకే నిలువు గొట్టంలో కట్టేయడమే అంశిక స్వేదనం. పైకి లేచే ఆవిరి, పైనుంచి కిందికి జారే ద్రవం ఒకదానికొకటి రాసుకుంటూ పోతాయి. ఆవిరిలోని నీరు ద్రవంలోకి దిగుతుంది, ద్రవంలోని ఆల్కహాల్ ఆవిరిలోకి ఎక్కుతుంది. ఏనియస్ కాఫీ 1830లో పేటెంటు తీసుకున్న నిలువు బట్టీ ఈ సూత్రం మీద నడిచేదే. ఆయన అంతకుముందు ఐర్లండులో ఎక్సైజు అధికారి. దొంగ బట్టీలు పట్టుకునే ఉద్యోగంలో ఉన్నవాడే బట్టీ చరిత్రను మలుపు తిప్పాడన్నది నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

నా గొట్టం లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు. ఆవిరి, ద్రవం బాగా రాసుకోవడానికి లోపల నింపిన భాగం ఎత్తు ఒక మీటరు. నింపడానికి ఏమి వాడాలన్నది పెద్ద చర్చ. చిన్న గాజు లేదా పింగాణీ వలయాలు ఒక పద్ధతి. ఫ్రిట్జ్ రాషిగ్ అనే జర్మన్ రసాయనవేత్త పేరు మీదుగా వాటిని రాషిగ్ వలయాలు అంటారు. వలయం పరిమాణం గొట్టం వ్యాసంలో ఎనిమిదో వంతు కన్నా పెద్దదైతే గోడల వెంట ఖాళీలు మిగిలి, ద్రవం ఆ దారినే జారిపోతుంది. నేను స్టీలు పీచు ఎంచుకున్నాను. అడుగున ఒక జానెడు మేర మాత్రం రాగి పీచు. పీచును కుక్కకూడదు, వదులుగానూ వదలకూడదు. చుట్టగా చుట్టి, గొట్టంలోకి నెడితే వేలికి కొంచెం ఎదురు తగిలేంత బిగువు ఉండాలి.

ఆ జానెడు రాగి అలంకారం కాదు. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు గంధకం కలిసిన పదార్థాలు పుడతాయి. కుళ్లిన గుడ్డు వాసన వాటిదే. వేడి రాగికి తగిలితే గంధకం రాగితో కలిసి అక్కడే నల్లగా నిలిచిపోతుంది. పని అయ్యాక పీచు బయటికి తీస్తే నల్లబడి ఉంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో ముంచితే మళ్లీ గులాబీ రంగు తేలుతుంది. ఆ నలుపు చూస్తే నాకు తృప్తి. అది సీసాలోకి రాకుండా ఆగిపోయిన వాసన.

గొట్టం నెత్తి మీద ఏముండాలన్నదే అసలు ప్రశ్న. నేను మొదట పెట్టింది చాలామంది పెట్టేదే: గొట్టం పైభాగంలో అడ్డంగా నీళ్లు పారే చిన్న శీతలకం. దాని గుండా వెళ్లేటప్పుడు ఆవిరిలో ఎక్కువ భాగం చల్లబడి వెనక్కి జారుతుంది, తప్పించుకున్నది అవతలి కండెన్సర్‌లో ద్రవమై సీసాలోకి చేరుతుంది. నీళ్లు ఎక్కువ వదిలితే వెనక్కి పోయేది ఎక్కువ, తక్కువ వదిలితే బయటికి వచ్చేది ఎక్కువ. కాగితం మీద చక్కగా ఉంటుంది. నడిపేటప్పుడు మాత్రం ఒక్క క్షణం నిలకడ లేదు. చుక్క చుక్కగా పడుతున్నది ఉన్నట్టుండి సన్నని ధార అయ్యేది, మళ్లీ పూర్తిగా ఆగిపోయేది. కుళాయి దగ్గర కూర్చుని వెంట్రుకవాసి తిప్పుతూ గడిపేవాణ్ని.

ఈ చపలత్వం ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడానికి వాట్లలో లెక్క వేశాను. నా బట్టీకి దొరికిన పెద్ద మెరుగుదల ఆ లెక్కే. హీటరు 1500 వాట్లు. గొట్టం పైన ఉండే గాఢమైన ఆవిరి కిలోకు దాదాపు 900 కిలోజౌళ్ల గుప్తోష్ణం, అంటే ద్రవం ఆవిరిగా మారేటప్పుడు మింగిన వేడి, మోసుకొస్తుంది. అంటే నష్టాలు పక్కన పెడితే గంటకు 6 కిలోల ఆవిరి నెత్తికి చేరుతుంది, ద్రవంగా చెప్పాలంటే 7 లీటర్ల పైచిలుకు. మంచి స్పిరిట్ కోసం నేను గంటకు తీసుకునేది 0.7 లీటరు. మిగిలినదంతా వెనక్కి పోవాలి. సీసాలోకి వచ్చే ఆ 0.7 లీటరు 1500 వాట్లలో దాదాపు 140 వాట్ల విలువ చేస్తుంది.

ఇప్పుడు కరెంటు సంగతి. హీటరు శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి వోల్టేజి 5 శాతం తగ్గితే శక్తి సుమారు 10 శాతం తగ్గుతుంది: 150 వాట్లు. పైన ఉన్న శీతలకం తన వంతు వేడిని ఎప్పటిలాగే లాగేసుకుంటుంది. నాకు మిగలవలసిన 140 వాట్లూ అందులో కొట్టుకుపోతాయి, చుక్క ఆగిపోతుంది. అదే వోల్టేజి 5 శాతం పెరిగితే నాకు రావలసిన దానికి రెండింతలు పైగా బయటికి దూకుతుంది, గొట్టంలో కుదురుకున్న వరుస చెదిరి కింది వాసనలు పైకి ఎక్కుతాయి. అంటే ఆ ఏర్పాటులో సీసాలో పడేది రెండు పెద్ద అంకెల మధ్య మిగిలిన తేడా. ఎంత జాగ్రత్తగా కుళాయి తిప్పినా తేడా ఊగుతూనే ఉంటుంది.

అందుకని నెత్తిని మార్చేశాను. కొత్త ఏర్పాటులో పైన ఉన్న కండెన్సర్ వచ్చిన ఆవిరినంతా, మినహాయింపు లేకుండా, ద్రవంగా మారుస్తుంది. ఆ ద్రవం కింద ఏటవాలుగా వెల్డింగు చేసిన రెండు రేకుల మీద పడి చిన్న గుంటలో చేరుతుంది. గుంట నుంచి ఒక సూది వాల్వు బయటికి వస్తుంది. వాల్వు వదిలినంత సీసాకు, పొంగి పొర్లినంత గొట్టంలోకి. పొర్లే చోటు గొట్టం మధ్యకు రావాలి. గోడ మీద పడితే పీచు నడుమ పొడిగా ఉండిపోతుంది. అందుకే కింది రేకు అంచును మధ్యదాకా లాగి చిన్న ముక్కులా వంచాను. ఇప్పుడు వోల్టేజి పడిపోయినా వాల్వు వదిలే 0.7 లీటరు మారదు. తగ్గేది వెనక్కి పోయే వాటా. తొమ్మిదిన్నర పాళ్లు వెనక్కి పోయేచోట ఎనిమిదిన్నర పోతాయి. అది గొట్టం తట్టుకోగల తగ్గుదల.

ఈ ఏర్పాటులో కండెన్సర్ పైకొన గాలికి తెరిచి ఉంటుంది, ఉండి తీరాలి. మూసిన పాత్రలో ఆల్కహాల్ మరిగించడమంటే బాంబు తయారుచేయడమే. హీటరు స్విచ్చి వేసే ముందు వాల్వు, పైకొన రెండింటిలోనూ గాలి ఊది చూడటం నా అలవాటు. 1500 వాట్లను చల్లార్చడానికి నీళ్లు 30 డిగ్రీలు వేడెక్కేలా పారిస్తే నిమిషానికి 0.7 లీటరు చాలు. నేను లీటరు వదులుతాను. నీళ్లు ఆగిపోతే ఆవిరి ఆ తెరిచిన కొన నుంచే గదిలోకి వస్తుంది కాబట్టి అక్కడ ఒక ఉష్ణ స్విచ్చి బిగించాను. కొన వెచ్చబడితే హీటరు ఆగిపోతుంది. ఆల్కహాల్ ఆవిరి గాలి కన్నా బరువైనది, నేలమీద పరుచుకుంటుంది, గాలిలో 3.3 నుంచి 19 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. గ్యాస్ పొయ్యి మీద ఈ పని చేసేవాళ్లను చూస్తే నాకు వణుకు. ఆల్కహాల్ మంట పగటి వెలుగులో సరిగ్గా కనిపించదు కూడా. తలుపులు తెరిచి ఉంచుతాను, సీసా గాజుదే, హీటరు నడుస్తున్నంతసేపూ బట్టీని వదిలి కదలను.

నెత్తి మార్చాక మిగిలిన సవరణలు చిన్నవే, ఫలితం మాత్రం చిన్నది కాదు. మీటరు పొడవున్న గొట్టం బట్టబయలుగా ఉంటే దాదాపు 80 వాట్లు గాలికి పోతాయి. సీసాలోకి వచ్చేది 140 వాట్ల విలువేనని ఇప్పటికే చెప్పాను. పైగా ఆ నష్టం స్థిరంగా ఉండదు. ఎవరైనా తలుపు తీస్తే మారుతుంది. గొట్టానికి రాతి ఉన్ని చుట్టి పైన రేకు తొడిగాను, పాత్రకూ అలాగే చేశాను. హీటరుకు వోల్టేజి నిలబెట్టే నియంత్రకం పెట్టాను. గొట్టాన్ని లంబంగా నిలబెట్టడానికి వడ్రంగి మట్టం వాడాను, ఎందుకంటే కొంచెం వాలినా ద్రవం ఒక పక్కకు జారిపోతుంది. గొట్టం ఇంకా పొడుగు చేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. నేను చేయలేదు. ఊగే బట్టీకి పొడుగు గొట్టం తగిలిస్తే పొడుగ్గా ఊగుతుంది.

ఇప్పుడు నడిపే పద్ధతి ఇది. 25 లీటర్ల ఊట, అందులో నాలుగుంపావు కిలోల పంచదార. లీటరుకు 17 గ్రాముల పంచదార ఒక్క శాతం ఆల్కహాల్ ఇస్తుందన్న లెక్కన 10 శాతం. ఇంకా తీపి వేస్తే ఈస్ట్ అవస్థ పడుతుంది, అవస్థ పడిన ఈస్ట్ ఇచ్చే వాసనలను ఏ గొట్టమూ పూర్తిగా ఆపలేదు. పులియడం ఆగాక ఊట తేటపడేదాకా ఆగుతాను. అడుగున పేరిన ఈస్ట్ పాత్రలోకి వెళితే హీటరు మీద మాడుతుంది. తేట ఊటను మొదట పీచు లేకుండా, గబగబా కుండ బట్టీలాగా ఒకసారి మరిగించేస్తాను. 1500 వాట్లకు అది మరుగు పట్టడానికే గంటంబావు. ఇలా కొన్ని ఊటల నుంచి పోగైన దాన్ని 40 శాతం కన్నా తక్కువకు పలచబరిచి అసలు గొట్టం కింద పెడతాను. పలచబరచడం భద్రత కోసమూ అవుతుంది, వాసనల కోసమూ అవుతుంది. నీరు ఎక్కువున్నచోట ఫ్యూజెల్ అనే బరువైన, వాసనగల ఆల్కహాళ్లు, మొదట వచ్చే ఎస్టర్లనే వాసన పదార్థాలు తేలికగా విడిపోతాయి.

మరుగు పట్టి ఆవిరి నెత్తికి చేరాక వాల్వు పూర్తిగా మూసేస్తాను. ఒక్క చుక్క కూడా తీయకుండా గంటసేపు అంతా వెనక్కే పోనిస్తాను. కొత్తవాళ్లు తట్టుకోలేనిది ఈ గంటనే. బయటికి ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. లోపల మాత్రం తేలికవి పైకీ బరువైనవి కిందికీ వరుస కడుతుంటాయి. 20 డిగ్రీలకే మరిగే ఎసిటాల్డిహైడ్, గోళ్లరంగు తుడిచే ద్రవాన్ని తలపించే ఇథైల్ ఎసిటేట్ నెత్తిన గుమిగూడతాయి. అప్పుడు వాల్వును చుక్కలు పడేంత మాత్రమే తెరిచి వాటిని విడిగా తీసేస్తాను. ఆ భాగం గాజు తుడవడానికి పనికొస్తుంది. ఇథైల్ ఎసిటేట్ 77 డిగ్రీలకు మరుగుతుంది, అంటే మనకు కావలసినదాని పొరుగే, కాబట్టి దాన్ని సాగనంపడంలో తొందర పనికిరాదు.

మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ గురించి అడగనివాళ్లు లేరు. పంచదార ఊటలో అది దాదాపు పుట్టదు. పండ్లలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం విడిపోయినప్పుడు కొద్దిగా వస్తుంది. మొదటి భాగం పారబోస్తే మిథనాల్ అంతా పోతుందన్న నమ్మకం కుండ బట్టీ విషయంలో నిజం కాదు. నీళ్లు ఎక్కువున్న మిశ్రమంలో అది మొదటినుంచి చివరిదాకా పాకుతూనే ఉంటుంది. కల్తీ సారా మరణాలకు మూలం ఎక్కువగా ఎవరో కలిపిన పారిశ్రామిక మిథనాల్. అందుకే విషం కలిపి అమ్మే స్పిరిట్‌ను మరిగించి శుద్ధి చేద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే చంపేయాలి. ఏ ఇంటి బట్టీకీ అది సాధ్యం కాదు.

నెత్తిలో ఉన్న థర్మామీటరును నేను చూసే తీరు కూడా మారింది. 78.2 అన్న అంకె సముద్రమట్టపు పీడనానిది. వాతావరణ పీడనం 20 హెక్టోపాస్కళ్లు పడితే మరిగే ఉష్ణోగ్రత అర డిగ్రీ పడిపోతుంది. ఎత్తైన చోట ఇంకా తక్కువ. కాబట్టి ఎంత ఉంది అని చూడను, కదిలిందా అని చూస్తాను. ఇంకో థర్మామీటరును గొట్టంలో కింది నుంచి మూడోవంతు ఎత్తులో గుచ్చాను. నెత్తిది నిశ్చలంగా ఉండగానే కిందిది పాకడం మొదలుపెడుతుంది. పాత్రలో ఆల్కహాల్ తరిగి బరువైన వాసనలు పైకి బయలుదేరాయని అర్థం. వాల్వు కాస్త బిగిస్తే కొంతసేపు వెనక్కి తగ్గుతాయి. బిగించినా పాకుతూనే ఉంటే నాకు కావలసిన నడిమి భాగం ముగిసినట్టే, సీసా మార్చేస్తాను. ఆపై వచ్చేదానికి తడిసిన అట్ట వాసన. దాన్ని తర్వాతి ఊటలో కలుపుతాను గానీ, అలా పదే పదే తిప్పితే ఫ్యూజెల్ పేరుకుంటుంది. అప్పుడప్పుడూ మొత్తంగా వదిలేయాలి.

బలం కొలిచే మీటరు 20 డిగ్రీలకు గీతలు గీసినది. 30 డిగ్రీల స్పిరిట్‌లో ముంచితే రెండు మూడు శాతం ఎక్కువ చూపించి మనల్ని సంతోషపెడుతుంది. 98 శాతం వచ్చిందని ఎవరైనా చెబితే స్పిరిట్‌ను చల్లార్చి మళ్లీ కొలవమంటాను. నాది చల్లార్చాక 95, 96 మధ్య నిలుస్తోంది. నడిమి భాగాన్ని చిన్న చిన్న సీసాల్లో విడివిడిగా పట్టి, ఒక రాత్రి ఉంచి, ప్రతి సీసా నుంచీ కొంచెం పలచబరిచి మరునాడు పొద్దున వాసన చూస్తాను. ఏ సీసాలు కలపాలో అప్పుడు నిర్ణయిస్తాను. బొగ్గు వడపోత అవసరం ఇప్పుడు రావడం లేదు. వాడాల్సివస్తే 50 శాతం కన్నా తక్కువకు పలచబరిచాకే వాడాలి. గాఢంగా ఉన్నప్పుడు బొగ్గు వాసనలను సరిగ్గా పట్టుకోదు.

ప్రస్తుతం నన్ను వేధిస్తున్నది సూది వాల్వు. గంటకు 0.7 లీటరు అంటే చాలా సన్నని ధార, నిమిషానికి 12 మిల్లీలీటర్లు కూడా ఉండదు. వాల్వు వేడెక్కేకొద్దీ దాని లోపలి సందు మారి ధార కొద్దికొద్దిగా జారుతుంది. వాల్వును గొట్టానికి దూరంగా, చల్లగా ఉండేలా జరిపి, మధ్యలో చిన్న రాగి చుట్టతో స్పిరిట్‌ను ముందే చల్లబరచాలని చూస్తున్నాను. చుట్ట వంచడం అయింది, టంకం వేయాలి.